గుర్రానికి మాస్కు, మరి బుగులు ఎవరిది?

పోయిన నెల మా ఆఫీసులో "వెల్‌నెస్ వీక్" జరిగింది. అంటే ఏమిటో ఐటీ జనాలకి విడమర్చి చెప్పక్కర్లేదనుకుంటాను. సోమవారం జూమ్‌లో యోగా. మంగళవారం మెడ వ్యాయామాలు. బుధవారం ఇంటికో డబ్బా వచ్చింది. అందులో నీలి కాంతిని ఆపే కళ్ళజోడు, నిద్రపోయేటప్పుడు పెట్టుకునే గంతలు, చిరాకొస్తే పిసకడానికి ఒక రబ్బరు బంతి. గురువారం ముగింపు ఉపన్యాసం. వక్తగారు చివరి స్లయిడ్‌లో ఒక పాత ఫొటో పెట్టారు. మొదటి ప్రపంచ యుద్ధం నాటిది. ఒక సైనికుడు, పక్కన గుర్రం, ఇద్దరికీ గ్యాస్ మాస్కులు. వందేళ్ళ కిందటే నాయకత్వం గుర్రం గురించి కూడా ఆలోచించింది చూడండి, అని దాని కింద వ్యాఖ్య.

చప్పట్లే చప్పట్లు. చాట్ నిండా గుండె బొమ్మలు. దాచడమెందుకు, నేనూ ఒకటి నొక్కాను. అక్కడితో ఆగకుండా ఆ ఫొటో తీసి మా టీమ్ గ్రూపులో కూడా పడేశాను.

ఈ టపా ఆ గుండె బొమ్మని వెనక్కి తీసుకోవడానికన్నమాట :)

ఆ శనివారం మా ఊరు చిల్పూరు వెళ్ళాను. జనగామ జిల్లాలో, స్టేషన్ ఘన్‌పూర్ పక్కన. మా గుట్ట మీద ఉన్న దేవుడు బుగులు వెంకటేశ్వరస్వామి. బుగులంటే మా వైపు భయం. కుబేరుడి దగ్గర చేసిన పెళ్ళి అప్పు తీర్చలేక, ఆ బుగులుతో స్వామి ఇక్కడికొచ్చి తపస్సు చేసుకున్నాడని పెద్దలు చెప్తారు. హోమ్‌లోన్ ఉన్న నాలాంటి వాళ్ళకి ఇంతకంటే దగ్గరి దేవుడు ఇంకెవరుంటారు చెప్పండి.

గుట్ట దిగి ఇంటికొచ్చి, అరుగు మీద కూర్చున్న మా బాపుకి ఫోన్లో ఆ ఫొటో చూపించాను. ఆయన ట్రాక్టర్లు రాకముందు ముప్పై ఏళ్ళు ఎడ్లతో ఎవుసం చేసిన మనిషి. ఫోన్ని దూరం పెట్టి, దగ్గర పెట్టి చూసి:

"గిదేంది, గుర్రానికి చిక్కెం కట్టిన్రా?" అన్నాడు.

"చిక్కెం కాదు బాపూ. యుద్ధంల విషపు గాలి లోపటికి పోకుంట మాస్కు. దాని పానం కాపాడనీకి."

"మరి చిక్కెం ఎవలి పానం కాపాడనీకి కడ్తం?"

(పట్నం వాళ్ళ కోసం: చిక్కెం అంటే పైరు సాళ్ళలో గుంటుక తోలేటప్పుడు ఎడ్లు మొక్కల్ని కొరక్కుండా వాటి మూతికి కట్టే తాడు అల్లిక. చూడ్డానికి మాస్కులాగే ఉంటుంది. కాపాడేది మాత్రం పైరుని.)

నేను నీళ్ళు నమిలాను. ఆయనే మళ్ళీ అన్నాడు: "మూతికి కట్టినయన్ని మూతి కోసం కాదురా. గా గుర్రం సస్తె తోపు ఎవడు గుంజాలె? ముందుగాల గది సూడు."

పదేళ్ళుగా రూట్ కాజ్ అనాలిసిస్‌లు రాసి పొట్టపోసుకుంటున్న వాణ్ణి, నాకు తట్టని ప్రశ్న అది. హైదరాబాదు తిరిగొచ్చి రెండు మూడు రాత్రులు ఆ సంగతే చదువుకుంటూ కూర్చున్నాను.

ముందు ఆ మాస్కు గురించి. 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర దగ్గర జర్మన్లు క్లోరిన్ వదిలారు. ఆ తర్వాత మనుషులకి మాస్కులొచ్చాయి, వాటి వెనకాల గుర్రాలకీ వచ్చాయి. బ్రిటిష్ వాళ్ళది నిజంగా తెలివైన డిజైన్. గుర్రం మనలాగా నోటితో ఊపిరి పీల్చదు, ముక్కుతోనే పీలుస్తుంది. అందుకని మొహమంతా కప్పకుండా ముక్కుపుటాలూ పైపెదవీ మునిగేట్టు రసాయనాల్లో నానబెట్టిన గుడ్డ సంచి తొడిగారు. గుర్రం దాన్ని కొరికి చింపకుండా నోట్లోకి కాన్వాస్ ముక్క ఒకటి. కళ్ళకి మాత్రం ఏమీ లేదు. కొన్ని గుర్రాలు దాన్ని దాణా సంచి అనుకుని నమిలేసేవట! యూజర్ టెస్టింగ్ కష్టాలు ఆ రోజుల్లోనూ ఉన్నాయన్నమాట.

1917 జులైలో మస్టర్డ్ గ్యాస్ వచ్చింది. అది చర్మాన్ని కాలుస్తుంది, నేలకీ గడ్డికీ అంటుకుని ఉండిపోతుంది. ముక్కుకి కట్టిన సంచి కాళ్ళనీ పొట్టనీ ఏం కాపాడుతుంది?

సరే, డిజైన్ సంగతి అలా ఉంచి లెక్కల్లోకి వెళ్దాం. పశ్చిమ రంగంలో, అంటే ఫ్రాన్స్, బెల్జియం వైపు, గ్యాస్‌తో చనిపోయిన బ్రిటిష్ సైన్యపు గుర్రాలు 211. గ్యాస్ తగిలి బతికినవి 2,220. అదే రంగంలో తూటాలకీ ఫిరంగి గుండ్లకీ చచ్చినవి 58,090. అంటే గ్యాస్‌తో ఒకటి పోతే గుండు దెబ్బకి 275 పోయాయి. ఇక అన్ని రంగాల్లోనూ బ్రిటిష్ సైన్యం పోగొట్టుకున్న గుర్రాలు, కంచరగాడిదలు, ఒంటెలు, ఎద్దులు కలిపి 4,84,143 అని లండన్ కిల్బర్న్‌లో 1932లో తెరిచిన స్మారక భవనం మీద చెక్కారు. (ఈ అంకె అన్ని రంగాలదీ, పైవి ఒక్క రంగానివీ. కాబట్టి భాగహారాలు చెయ్యకండి.) వీటిలో ఎక్కువ భాగం పోయింది గ్యాస్‌కీ కాదు, గుండ్లకీ కాదు. చలి, బురద, ఆకలి, రోగం, మోయలేని బరువు.

ఇక్కడ మీలో ఒకరు చెయ్యెత్తుతారని నాకు తెలుసు. "మాస్కులు పనిచేశాయి కాబట్టే గ్యాస్ చావులు తగ్గాయి కదా? ఫైర్‌వాల్ పెట్టాక దాడులు జరగలేదని ఫైర్‌వాల్ దండగ అంటావా?" న్యాయమైన ప్రశ్నే. మాస్కు కొన్ని గుర్రాలని కాపాడే ఉంటుంది, నేను కాదనను. కానీ ఎక్కువ గుర్రాలు కందకాల్లో కాదు, వాటి వెనక బళ్ళూ ఫిరంగులూ లాగుతూ ఉండేవి. గ్యాస్ తక్కువ తగలడానికి అదీ ఒక కారణం. అసలు నా గొడవ మాస్కుతో కాదు. ఆ మాస్కు ఫొటో చూపించి "చూశారా, ఎంత పట్టించుకున్నారో" అనేవాళ్ళతో. ఎందుకంటే ఆ పట్టించుకున్నవాళ్ళే ఇంకో పని కూడా చేశారు.

గుర్రాలకి గజ్జి అంటుకుంటోందని చలికాలంలో వాటి బొచ్చు గొరిగించారు. గజ్జి పురుగుకి బొచ్చులో చోటు ఉండకూడదని. కాగితం మీద చూస్తే అదీ రక్షణ చర్యే. 1916-17 శీతాకాలం మహా ఘోరంగా వచ్చింది. పైగా దాణా కోత. 1917 ఏప్రిల్లో అరాస్ యుద్ధం నాటికి ఇంకా మంచు పడుతూనే ఉంది. గొరిగిన ఒళ్ళుతో, సగం కడుపుతో, మోకాళ్ళ లోతు బురదలో ఫిరంగి గుండ్లు మోస్తూ గుర్రాలు నిలబడ్డచోటే కూలిపోయాయి. దేవుడిచ్చిన కంబళి తీసేసి, ముక్కుకి సంచి తొడిగి పంపారు. ఈ సంగతికి మాత్రం స్లయిడ్ లేదు.

మరి నిజంగా కాపాడింది ఏమిటి? ఫ్రాన్స్‌లో బ్రిటిష్ సైన్యపు పశువైద్య ఆసుపత్రులు 7,25,216 గుర్రాలకి వైద్యం చేస్తే 5,29,064 కోలుకున్నాయి. పుండు కడగడం, కట్టు కట్టడం, మేత పెట్టడం, కొన్నాళ్ళు పని చెప్పకుండా వదిలెయ్యడం. ఇందులో ఫొటోకి పనికొచ్చేది ఏముంది? కోలుకున్నవాటిని మళ్ళీ యుద్ధానికే పంపారు, అది వేరే కథ. అయినా ప్రాణాల లెక్క వేస్తే మాస్కు పక్కన ఈ ఆసుపత్రి కొండంత.

ఇదంతా తెల్లవాళ్ళ తెలివి, మనవాళ్ళు గుర్రాన్ని దేవుడి వాహనంగా చూసుకున్నారు అని ఎవరైనా అంటారేమో, అక్కడికే వస్తున్నా.

కాకతీయుల ఓడరేవు మోటుపల్లి గురించి 13వ శతాబ్దం చివర్లో రాసిన మార్కో పోలోయే, దక్షిణాన పాండ్య దేశంలో గుర్రాల సంగతీ రాశాడు. అక్కడి రాజు అరేబియా, పారశీకం వైపు నుంచి ఏటా 2 వేలకు పైగా గుర్రాలు కొనేవాడట. ఏడాది తిరిగేసరికి వంద కూడా మిగిలేవి కావట. కారణం? వాటిని సాకడం చేతకాక. గుర్రపు వైద్యులు లేక. దీనికంటే దారుణం ఇంకోటి చెప్తాడు. గుర్రాలు అమ్మే వర్తకులు తమతో వైద్యుల్ని తీసుకురారు సరికదా, ఎవరైనా వస్తానన్నా రానివ్వరట. గుర్రాలు బతికితే బేరం ఎలా? వెండర్ కావాలని డాక్యుమెంటేషన్ ఇవ్వకపోవడం అనే విద్య మన పరిశ్రమలో పుట్టిందనుకున్నాను. ఏడు వందల ఏళ్ళ ముందే ఉంది.

ఆ కాలంలో గుర్రమంటే ఖజానా. 1310లో మాలిక్ కాఫర్ ఓరుగల్లు మీదికొచ్చినప్పుడు ప్రతాపరుద్రుడు 100 ఏనుగులు, 7 వేల గుర్రాలు ఇచ్చుకున్నాడని బరనీ రాశాడు. బంగారం, రత్నాల సరసన గుర్రాల అంకె. మా ఊరి వైపు చెరువులు తవ్వించి, గుళ్ళు కట్టించిన రాజ్యం అలా తలల లెక్కన గుర్రాల్ని అప్పజెప్పింది.

తర్వాత విజయనగరం. పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ 1520 ప్రాంతంలో కృష్ణదేవరాయల సైన్యాన్ని కళ్ళారా చూశాడు. గుర్రాలన్నిటికీ నిండుగా జూలు బట్టలు, నుదుటి మీద పలకలు. కొన్ని వెండివి, ఎక్కువ శాతం బంగారు పూతవి, వాటికి పట్టు కుచ్చులు. చదువుతుంటే ఒళ్ళు పులకరిస్తుంది, నిజం. ఆయన తర్వాత వచ్చిన నూనిజ్ ఇంకో ముక్క రాశాడు. సాళువ నరసింహరాయలు పడవల మీద వచ్చే గుర్రాల్ని వెయ్యి పర్దావులకి మూడు చొప్పున, చచ్చినవీ బతికినవీ అని చూడకుండా కొనేవాడట. సముద్రంలో చచ్చినదానికి తోక తెచ్చి చూపిస్తే చాలు, బతికిన గుర్రానికిచ్చినంతే డబ్బు!

పాలసీ ఎంత బాగుందో చూడండి. వర్తకుడికి పూర్తి బీమా. గుర్రానికి? దాన్ని బతికించి తీసుకురావాల్సిన అవసరం వర్తకుడికి ఎందుకు? బంగారు పలక ఊరేగింపులో రాజుగారి పరువు కాపాడింది. తోక వర్తకుడి పెట్టుబడి కాపాడింది. గుర్రాన్ని కాపాడింది, ఏదైనా ఉంటే, పేరు తెలియని సాహిణి ఎవరో వేళకి పెట్టిన గుగ్గిళ్ళు.

ఇక మన హైదరాబాదుకి వద్దాం. మెహిదీపట్నం మీదుగా హైటెక్ సిటీకి వెళ్ళేవాళ్ళు ఫస్ట్ లాన్సర్, ఏసీ గార్డ్స్ అనే పేర్లు రోజూ వింటారు. ఏసీ అంటే చల్లగాలి మిషను కాదండీ, ఆఫ్రికన్ కావల్రీ. నిజాం ఆశ్విక దళాల పేర్లు అవి. ఆ గుర్రాలు పోయి పేర్లు బస్టాపులుగా మిగిలాయి.

1914లో హైదరాబాద్ లాన్సర్లు మైసూరు, పటియాలా దళాలతో పాటు సముద్రం దాటి ఈజిప్టు వెళ్ళారు. సూయజ్ కాలువ కాపలా, తర్వాత సినాయ్, పాలస్తీనా. హైదరాబాదు మూలాలున్న దక్కన్ హార్స్ అనే ఇంకో దళం ఫ్రాన్స్ వెళ్ళింది. 1916 జులై 14న సోమ్ యుద్ధంలో హై వుడ్ దగ్గర మెషిన్ గన్లకి ఎదురుగా బల్లేలు పట్టుకుని గుర్రాల మీద దూకింది వాళ్ళే. (సవార్లలో తెలుగువాళ్ళు అరుదు. దక్కనీ ముస్లింలు, సిక్కులు, జాట్లు ఎక్కువ.) మెషిన్ గన్‌కి ఆపగలిగే కవచం గుర్రానికి అప్పటికీ లేదు, ఎప్పటికీ రాలేదు. అదే దక్కన్ హార్స్ ఇప్పుడు మన సైన్యంలో ట్యాంకుల రెజిమెంటు. ఉక్కు దొరికింది, ఈలోగా గుర్రం అవసరం తీరింది.

పాలస్తీనాలో గుర్రాల్ని చంపింది మరీ సాదా సంగతి, దాహం. ఆ ఎడారి దాడుల్లో రెండు రోజులకి పైగా చుక్క నీళ్ళు లేకుండా నడిచిన గుర్రాలున్నాయి. ఈగలు వాలకుండా కళ్ళ మీద కుచ్చులు కట్టారు. బావి ఎక్కడుందో, అక్కడికి ఎప్పుడు చేరాలో నిర్ణయించేది మాత్రం జనరల్ గారి టైమ్‌టేబుల్.

ఢిల్లీలో తీన్ మూర్తి చౌరస్తా చూసే ఉంటారు. 1922లో పెట్టిన ఆ మూడు కంచు విగ్రహాలు హైదరాబాద్, జోధ్‌పూర్, మైసూరు లాన్సర్లవి. 2018 జనవరిలో దానికి తీన్ మూర్తి హైఫా చౌక్ అని పేరు మార్చారు. పాలస్తీనాలో హైఫా పట్టణాన్ని 1918 సెప్టెంబరు 23న గుర్రపు దళాలు పట్టుకున్నందుకు ఆ గౌరవం. ఈసారి వెళ్తే ఒకసారి ఆగి చూడండి. మూడూ ఆశ్విక దళాలే. నిలబడింది ముగ్గురు మనుషులు. గుర్రం ఒక్కటీ లేదు.

యుద్ధం అయ్యాక ఏమైంది? ఈజిప్టులో ఉన్న బ్రిటిష్ సైన్యపు గుర్రాల్ని వేల సంఖ్యలో అక్కడే అమ్మేశారు. 1930లో కైరో వెళ్ళిన డొరొతీ బ్రూక్ అనే ఆవిడకి సైన్యపు ముద్ర ఉన్న ముసలి గుర్రాలు వీధుల్లో బరువు బళ్ళు లాగుతూ కనిపించాయి. 1931లో ఆవిడ ఒక ఇంగ్లిష్ పేపర్‌కి ఉత్తరం రాసి, చందాలు పోగుచేసి, కొన్నేళ్ళలో 5 వేల దాకా గుర్రాల్ని తిరిగి కొంది. చాలావాటిని నొప్పి లేకుండా చంపడం తప్ప ఇంకేమీ చెయ్యలేని స్థితి. 1934లో అక్కడే ఆసుపత్రి పెట్టింది. యుద్ధంలో ఉన్నంతకాలం ముక్కుకి మాస్కు, కంటికి కుచ్చు. యుద్ధం అయిపోయాక ఎండిన వీపు మీద కైరో రాళ్ళ బండి. పనికొచ్చినంత కాలమే రక్షణ అంటే దాన్ని మెయింటెనెన్స్ అనాలి. దయ అనకూడదు.

ఈ కైరో కథ ఫోన్లో మా బాపుకి చెప్పాను. చిక్కెం సామెత చెప్పి నా నోరు మూయించాడు కదా, నేనూ ఒకటి అడుగుదామని, "మరి మన ఎడ్లు ముసలియైనంక ఏం చేసినవ్ బాపూ?" అన్నాను.

చాలాసేపు మాట్లాడలేదు.

"అంగట్ల అమ్మిన. ట్రాక్టరొచ్చింది. మేత కరువు. మీ ఫీజులు." ఇంకాసేపు ఆగి, "గది అడుగకు బిడ్డా" అన్నాడు.

అడక్కుండా ఉండాల్సింది. కానీ చిన్నప్పుడు నేను కళ్ళారా చూసింది ఒకటుంది. ఆయన చేను నుంచి రాగానే ముందు ఎడ్లని విప్పేవాడు. చిక్కెం తీసి కొయ్యకి తగిలించి, మెడ కింద చెయ్యి పెట్టి కాడి పుండు ఏమైనా లేచిందా అని తడిమి చూసేవాడు. కుడితి తాగించి, గడ్డి వేసి, అప్పుడు తన కాళ్ళు కడుక్కునేవాడు. అమ్మ అన్నం పెట్టి పిలిచినా వచ్చేవాడు కాదు. పాత ఆశ్విక దళాల్లోనూ ఇదే నియమం ఉండేది: ముందు గుర్రం, తర్వాత జీను, ఆ తర్వాత మనిషి. నియమం ఉన్నచోట జనరల్ కూడా నీళ్ళకోసం ఆగాలి. మాస్కు ఉన్నచోట ఎవరూ ఆగక్కర్లేదు. నా గొడవంతా ఈ తేడా గురించే.

ఇంతకీ చెప్పొచ్చేదేమంటే, ఇకమీదట ఎవరైనా మీకు కవచం చూపిస్తే, అది గుర్రానిదైనా మనిషిదైనా, మూడు ప్రశ్నలు అడగండి.

1. ఇది ఆపుతున్న ప్రమాదం ఎంతమందిని చంపుతోంది? ఆపకుండా వదిలేసినది ఎంతమందిని?
2. ఇది తొడిగినందువల్ల తొడిగినవాడికి ఏ పని ఆపాల్సిన అవసరం తప్పింది?
3. పని అయిపోయిన మర్నాడు దీన్ని వేసుకున్నవాడు ఎక్కడుంటాడు?

ఇక నా సంగతి. మమ్మల్ని "రిసోర్స్" అంటారని, మేమంతా పాపం గుర్రాలమని ఏడుస్తూ టపా ముగిద్దామనే మొదట అనుకున్నాను. అలా రాస్తే మీరు కూడా గుండె బొమ్మలు ఇచ్చేవాళ్ళు. కానీ అది అబద్ధం. మా టీమ్‌లో ఒక కుర్రాడు వరసగా మూడు వారాలు రాత్రి ఆన్‌కాల్ చేశాడు. మూడోవారం రోస్టర్ మీద అప్రూవ్ నొక్కింది నేనే. మనిషి తక్కువ, రిలీజ్ దగ్గర, ఎవరో ఒకరు చెయ్యాలి కదా అని. వెల్‌నెస్ డబ్బా అందిన రోజు వాడు నాకు మెసేజ్ పెట్టాడు: "అన్నా, గంతలు మస్తున్నయ్. పెట్టుకుని పండుకునే టైమే లేదు."

నేను నవ్వే బొమ్మ పంపాను.

అంటే ఈ ఫొటోలో నేను గుర్రాన్ని కాదు, పక్కన నిలబడి దానికి మాస్కు తొడుగుతున్నవాణ్ణి. నా బుగులు కూడా నాకు తెలుసు. రిలీజ్ తప్పితే పైవాళ్ళు అడిగేది నన్ను. హోమ్‌లోన్ ఉంది. ఆ బుగులు తీర్చుకోవడానికి ఒక కుర్రాడి నిద్ర తీసుకున్నాను. వాడికి దయతో ఇచ్చినట్టు ఒక గంతల జత మిగిలింది.

ఆ సోమవారం రోస్టర్ తెరిచి, ఎవరికైనా ఒక వారం తర్వాత రెండు వారాలు రాత్రి డ్యూటీ పడకూడదని రూల్ పెట్టాను. మధ్యలో ఖాళీ వచ్చిన వారంలో నా పేరు రాసుకున్నాను. దానివల్ల రిలీజ్ తొమ్మిది రోజులు వెనక్కి జరిగింది. పైనుంచి మెయిల్ వచ్చింది, దీనికి బిజినెస్ జస్టిఫికేషన్ ఏమిటని. రెండు పేరాలు రాసి చెరిపేశాను. చివరికి "మనుషులు నిద్రపోవాలి" అని ఒక్క వాక్యం పంపాను. ఇంకా జవాబు రాలేదు. రివ్యూలు వచ్చే నెల. బుగులు బుగులుగానే ఉంది.

మీలో లీడ్‌లూ మేనేజర్లూ చాలామందే ఉంటారు. మీ రోస్టర్ ఒకసారి తెరిచి చూసుకోండి, ఆ తర్వాత నన్ను తిట్టండి.

తా.క.: టీమ్ గ్రూపులో నేను పెట్టిన ఆ గుర్రం ఫొటో తీసేద్దామని వెళ్ళాను. ఆ కుర్రాడు దాని కింద ఎప్పుడో రాసిన ప్రశ్న నేను చూసుకోలేదు: "అన్నా, దీనికి నీళ్ళు తాగాలంటే ఎట్ల?" ఫొటో అలాగే ఉంచాను.